బరువు ఎక్కడ తగ్గించాలి?

(తిరుపతిలో వేసవి శిక్షణ శిబిరంలో టేబుల్ టెన్నిస్ ఆడే పిల్లలకు, వాళ్ల తల్లిదండ్రులకు చేసిన ప్రసంగ పాఠం)

అందరికీ నమస్కారం.

శిబిరంలో పిల్లల కంటే వాళ్ల అమ్మానాన్నలే నన్ను ఎక్కువగా అడిగే ప్రశ్న ఒకటుంది. "సార్, మావాడిది ఎటాకింగ్ ఆట. మణికట్టు నొప్పి అంటున్నాడు. తేలికైన బ్లేడ్ ఏదైనా చెప్పండి." బ్లేడ్ అంటే బ్యాట్‌లోని చెక్క భాగం, దాని రెండు వైపులా అతికించేవి రబ్బర్లు. చెన్నై వెళ్లినప్పుడు కొందామనో, ఆన్‌లైన్‌లో తెప్పిద్దామనో అప్పటికే ఒక పేరు రాసుకుని వస్తారు. చాలాసార్లు అది మధ్యలో బాల్సా చెక్క, పక్కన కార్బన్ పొర ఉన్న 70 గ్రాముల బ్లేడ్. నేను వద్దంటాను. బరువు తగ్గించాలంటే ముందు రబ్బర్ల దగ్గర తగ్గించండి, చెక్క సంగతి ఆ తర్వాత చూద్దాం.

ముందు లెక్క చూడండి. మామూలు ఎటాకింగ్ బ్లేడ్ 80 నుంచి 90 గ్రాములు ఉంటుంది. కోసి అతికించిన రబ్బరు ఒక్కోటి 40 నుంచి 50 దాకా తూగుతుంది. జిగురు, అంచుకు చుట్టే ఎడ్జ్ టేపు కలిపితే ఇంకో మూడు నాలుగు. అంటే బ్యాట్ బరువులో దాదాపు సగం మీరు అంతగా పట్టించుకోని రబ్బర్లదే. పైగా ఆ బరువంతా ఉండేది తలలో, చేతికి దూరంగా. సుత్తిని పిడి చివర పట్టుకుని ఒకసారి, తల దగ్గర పట్టుకుని ఒకసారి ఊపి చూడండి. తూకం అదే, మణికట్టుకు తెలిసే బరువు మాత్రం వేరు. బ్యాట్ తలలో తగ్గిన అయిదు గ్రాములు, పిడిలో తగ్గిన అయిదు గ్రాములు ఒకటి కావు. పిడికి గ్రిప్ టేపు చుట్టిన పిల్లలు "సార్, బ్యాట్ తేలికైంది" అంటుంటారు. నిజానికి బరువు పెరిగింది. తూగే చోటు చేతి వైపు జరిగింది, అంతే.

70 గ్రాముల బ్లేడ్ కొని, రెండు వైపులా 50 గ్రాముల రబ్బర్లు అంటిస్తే ఏమవుతుందో ఇప్పుడు మీరే చెప్పగలరు. మొత్తం 170 అని సంతోషిస్తాం. కానీ ఆ బ్యాట్ తల ముందుకు వాలుతుంది. ఫోర్‌హ్యాండ్ లూప్ (బంతిని పైకి తిప్పుతూ కొట్టే దెబ్బ) చేశాక బ్యాక్‌హ్యాండ్‌కు చెయ్యి తిరిగి రాదు. ఎటాక్ చేసేవాడికి తేలికదనం కావలసింది కొట్టడానికి కాదు, కొట్టాక మళ్లీ సిద్ధం కావడానికి. అదే వేగంతో ఊపితే బరువైన బ్యాట్‌తోనే దెబ్బ గట్టిగా పడుతుంది. టేబుల్ పొడవు 2.74 మీటర్లే కాబట్టి రెండో బంతికి చెయ్యి అందకపోతే మొదటి బంతి ఎంత గట్టిగా కొట్టినా లాభం లేదు.

ఇక చెక్క సంగతి. తిరుపతి వాళ్లకు చెక్క బరువు గురించి నేను కొత్తగా చెప్పేదేముంది? మన శేషాచలం ఎర్రచందనం చేవ నీళ్లలో మునుగుతుంది. కొండపల్లి బొమ్మలు చేసే తెల్ల పొణికి పిల్లల చేతికి కూడా బరువనిపించదు. బ్లేడ్‌లోనూ ఇదే తేడా. బాల్సా చాలా తేలిక కాబట్టి దాన్ని మందంగా పెడతారు. మెల్లగా తాకిన బంతి చురుగ్గానే పోతుంది. టేబుల్‌కు దూరంగా నిలబడి పూర్తి బలంతో కొట్టినప్పుడు మాత్రం చెక్క ఇంకేమీ ఇవ్వదు, చేతికి బోలుగా తగులుతుంది. కిరి చెక్క దానికన్నా మెరుగు. బటర్‌ఫ్లై కంపెనీ పేరున్న బ్లేడ్ విస్కారియాలో మధ్య చెక్క కిరియే. దానికి అటూ ఇటూ ఆరిలేట్ నార కలిపిన కార్బన్ పొరలు, పైన కోటో అనే చెక్క. కార్బన్ ఎంతైనా పెట్టుకోవచ్చు అనుకోకండి. బ్లేడ్ మందంలో కనీసం 85 శాతం సహజమైన చెక్కే ఉండాలని, కార్బన్ లాంటి ఒక్కో నారపొర 7.5 శాతం లేదా 0.35 మిల్లీమీటర్లు, ఏది తక్కువైతే అంతకు మించకూడదని నియమం.

పద్నాలుగేళ్ల లోపు పిల్లలకు నా ఓటు కార్బన్ లేని అయిదు పొరల చెక్క బ్లేడ్‌కే. మధ్యలో అయూస్ చెక్క, బరువు 80 నుంచి 85. బంతి తగిలిన సంగతి చేతికి తెలుస్తుంది. స్టీగా క్లిప్పర్ లాంటి ఏడు పొరల బ్లేడ్ మంచిదే, కానీ పిల్లల చేతికి బరువు. ఇంకో మాట. ఒకే మోడల్‌లో ఒక బ్లేడ్ 81 ఉంటుంది, ఇంకోటి 91 ఉంటుంది. చెక్క అంతే, ఒక చెట్టులా ఇంకో చెట్టు ఉండదు. అందుకని పేరు చూసి డబ్బులు కట్టకండి. "తూకం వేసి ఫోటో పంపండి" అని అడగండి. పంపనంటే వేరే కొట్టు చూసుకోండి.

రబ్బర్ల దగ్గర కాస్త ఎక్కువసేపు ఆగుతాను. అసలు బ్యాట్లు ఇంత బరువెక్కడానికి ఒక కారణం బంతి. 2000లో బంతి 38 మిల్లీమీటర్ల నుంచి 40 అయింది, 2014 నుంచి ప్లాస్టిక్ బంతి వచ్చింది. వేగం, స్పిన్ తగ్గాయి. తగ్గినదాన్ని రాబట్టడానికి ఆటగాళ్లు రబ్బరు పై పొర కింద ఉండే స్పాంజ్ మందంగా, గట్టిగా ఉన్నవాటి వైపు వెళ్లారు. గట్టి స్పాంజ్‌లో గాలి గదులు తక్కువ, సరుకు ఎక్కువ, కాబట్టి బరువు. చైనా ఛాంపియన్ మా లాంగ్ ఫోర్‌హ్యాండ్‌కు హరికేన్ త్రీ అనే రబ్బరు వాడాడని మన పిల్లలూ అదే అడుగుతారు. అంటుకునే పై పొర, రాయిలాంటి స్పాంజ్, కోశాక కూడా 50 గ్రాముల దగ్గర తూగుతుంది. కాళ్లు, నడుము, భుజం అన్నీ కలిపి ఊపేవాడికే అది పలుకుతుంది. రోజుకు గంట ఆడే పిల్లవాడికి అది చెయ్యి నొప్పి తప్ప ఇంకేమీ ఇవ్వదు.

మెత్తటి స్పాంజ్‌తో వేగం రాదన్న భయం పాతది. ఒకప్పుడు స్పీడ్ గ్లూ పూసి స్పాంజ్‌ను ఉబ్బించి వేగం తెచ్చుకునేవారు. ఆ జిగురులోని ఆవిర్లు ఆరోగ్యానికి మంచివి కావని 2008లో నిషేధించారు. ఆ తర్వాత కంపెనీలు ఆ బిగువును రబ్బరులోనే పెట్టి తయారుచేయడం మీద పడ్డాయి. అందువల్ల ఇప్పుడు క్సియోమ్ వేగా యూరోప్ లాంటి మెత్తటి రబ్బరు 42, 43 గ్రాములకే వస్తుంది, బంతినీ బాగానే విసురుతుంది. మొదటిసారి విడిగా రబ్బరు కొనేవాళ్లకు 1969లో వచ్చిన యసాకా మార్క్ ఫైవ్ ఇప్పటికీ పనికొస్తుంది. పాతదని చిన్నచూపు చూడొద్దు.

స్పాంజ్ మందం విషయంలో 'మ్యాక్స్' అనే మాటకు పిల్లలకు మోజు. రబ్బరు, స్పాంజ్, జిగురు అన్నీ కలిపి నాలుగు మిల్లీమీటర్లు దాటకూడదని నియమం, మ్యాక్స్ దాని అంచున ఉంటుంది. స్పాంజ్ 1.8 లేదా 2.0 మిల్లీమీటర్లది తీసుకుంటే ఒక్కో వైపు రెండు మూడు గ్రాములు తగ్గుతాయి, ఎదుటివాడి దెబ్బను ఆపే బ్లాక్ కూడా కుదురుతుంది. నా పద్ధతి ఇది: ఫోర్‌హ్యాండ్‌కు మధ్యస్థం గట్టిదనం, 2.0. బ్యాక్‌హ్యాండ్‌కు అంతకన్నా మెత్తనిది, 1.8. మన దేశపు క్రీడాకారిణి మనికా బత్రాలా బ్యాక్‌హ్యాండ్‌కు పొడవు పింపుల్స్ (బయటికి పొడుచుకువచ్చిన బొడిపెల రబ్బరు) పెడితే బరువు ఇంకా తగ్గుతుంది. కానీ అది వేరే ఆట, బరువు కోసం ఎంచుకునేది కాదు.

కొట్టువాళ్లు చెప్పే రబ్బరు బరువు చాలాసార్లు కోయకముందు షీటుది. అది 65, 70 ఉంటుంది. కోశాక దాదాపు మూడోవంతు పోతుంది. ఆ అంకె చూసి టెన్షన్ పడకండి.

మొత్తం ఎంతుండాలి అంటారా? నా అంచనాలో పన్నెండు, పద్నాలుగేళ్ల వాళ్లకు 165 నుంచి 175. పెద్దవాళ్లకు 175 నుంచి 185. మణికట్టు నొప్పి ఉంటే బ్యాట్ ఒక్కటే కారణం అనుకోకండి, గ్రిప్ మరీ బిగించి పట్టుకున్నా నొప్పి వస్తుంది. అది కోచ్ చూడాలి. వారాలు గడిచినా తగ్గకపోతే డాక్టర్ చూడాలి.

మన ఎండల్లో బ్యాట్‌ను కారు డిక్కీలో, స్కూటర్ సీటు కింద వదిలేస్తే జిగురు వదులవుతుంది, రబ్బరు అంచులు లేస్తాయి. ఆట అయ్యాక తడి స్పాంజ్ ముక్కతో తుడిచి, ఆరాక కవర్‌లో పెట్టండి.

ఇక చాలు. ఆ మూల బల్ల మీద వంటింటి డిజిటల్ తూకం పెట్టాను. బ్యాట్లు కవర్లలోంచి తీసుకుని వరసగా రండి. తూకం వేశాక పిడికి తల కలిసే చోట వేలు పెట్టి, ఎటు వాలుతుందో కూడా చూద్దాం. 190 దాటుతుందని అనుమానం ఉన్నవాళ్లు ముందు రండి, మీతోనే ఎక్కువ పని.