నాణెం యాప్, కాటా, లూప్: ఆరు నెలలు వాడాక నా రివ్యూ

నమస్కారం అండి. ముందు టేబుల్ మీద ఏమున్నాయో చూపిస్తాను. మూడు వెండి నాణేలు. ఎడమ పక్కది అమెరికా మోర్గాన్ డాలర్, మధ్యలో ఐదో జార్జి రూపాయి, కుడి పక్కది ఆస్ట్రియా మరియా థెరీసా థాలర్. వాటి వెనక నాలుగు వస్తువులు. ఒక చిన్న డిజిటల్ కాటా, నాణెం వ్యాసం కొలిచే ఒక కాలిపర్, ఒక లూప్, అంటే కంటి దగ్గర పెట్టుకుని చూసే చిన్న భూతద్దం. నాలుగోది ఫోన్లో ఉంది. ఫొటో తీస్తే నాణెం పేరు, గ్రేడు (అంటే ఎంత బాగుంది, ఎంత అరిగింది అన్న స్థాయి), ధర అన్నీ చెప్పేస్తానంటున్న యాప్.

ఇవాళ రివ్యూ నాణేలకు కాదు, ఈ నాలుగింటికి. అన్నీ నా డబ్బుతో కొన్నవే. ఆరు నెలలు వాడాను. ఇంకో మాట, ఈ మూడు నాణేల్లో ఒకటి దొంగది. ఏదో మనసులో అనుకుని పెట్టుకోండి.

యాప్‌తో మొదలుపెడదాం, ఎందుకంటే అందరూ అక్కడే మొదలుపెడతారు. నేనూ అంతే. డాలర్ ఫొటో తీశాను. నాలుగు సెకన్లు పట్టింది. "మోర్గాన్ డాలర్, 1881, వెరీ ఫైన్" అని చెప్పి కింద ఒక ధర వేసింది. పేరు కరెక్టే, సంవత్సరం కరెక్టే. తెలియని లిపిలో ఉన్న నాణెం చేతికొస్తే, ఇది ఏ దేశానిదో అని గంటలు గంటలు కేటలాగులు తిరగేసే బాధ ఉండదు. ఆ పనికి ఈ యాప్‌కి పూర్తి మార్కులు వేస్తాను, నిజంగానే.

కానీ ఇక్కడ చూడండి. నాణెం తిప్పుతున్నాను. బొరుసు వైపు గద్ద కింద, దండకు దిగువన చిన్న అక్షరం ఏమైనా ఉంటే అది ఏ టంకశాలలో కొట్టారో చెబుతుంది. S అయితే శాన్‌ఫ్రాన్సిస్కో, CC అయితే కార్సన్ సిటీ, O అయితే న్యూ ఆర్లియన్స్, ఏమీ లేకపోతే ఫిలడెల్ఫియా. ఈ యాప్ బొమ్మ వైపు ఫొటో ఒక్కటే అడిగింది. మరి ఆ అక్షరం చూడకుండానే ధర ఎలా చెప్పింది? 1893 సంవత్సరం తీసుకోండి. శాన్‌ఫ్రాన్సిస్కోలో ఆ ఏడు కొట్టిన మోర్గాన్లు 1,00,000 మాత్రమే. ఆ ఒక్క S ఉందా లేదా అన్నదాని మీద ధర ఎక్కడికో పోతుంది. అందుకే వేరే నాణెం మీద S అతికించి అమ్మే ఘనులు కూడా ఉన్నారు.

ఇక థాలర్. యాప్ దాన్ని చూసి "1780, ఆస్ట్రియా" అంది. నాణెం మీద ఉన్నదీ 1780యే. మరి తప్పెక్కడ? మహారాణి మరియా థెరీసా చనిపోయింది 1780లో. ఎర్ర సముద్రం చుట్టుపక్కల వ్యాపారులకు ఆ బొమ్మ మీదే నమ్మకం. వేరేది ఇస్తే తీసుకునేవాళ్లు కాదు. అందుకని ఆవిడ పోయాక కూడా అదే బొమ్మ, అదే సంవత్సరం వేసి కొడుతూనే ఉన్నారు. వియన్నాలో కొట్టారు, తర్వాత లండన్, రోమ్, బొంబాయిలో కూడా కొట్టారు. అంటే నాణెం మీద 1780 అని ఉన్నా మీ చేతిలో ఉన్నది ఇరవయ్యో శతాబ్దపుది అయ్యే అవకాశమే ఎక్కువ. అసలు 1780లో కొట్టినదాన్ని, తర్వాత కొట్టినవాటిని వేరు చేసేది బొమ్మలోని చిన్న చిన్న వివరాలే. యాప్ మటుకు సంవత్సరం చదివేసి ఊరుకుంది.

సరే, కాటా ఆన్ చేస్తున్నాను. ఇది గ్రాములో వందో వంతు, అంటే 0.01 దాకా చూపిస్తుంది. 200 గ్రాముల వరకే మోస్తుంది. ముందు దాంతో పాటు ఇచ్చిన తూకపు బిళ్ళ పెట్టి సరిచూసుకోవాలి, అది మర్చిపోవద్దు. ఫ్యాన్ ఆపేయండి, లేకపోతే చివరి అంకె ఊగుతూనే ఉంటుంది.

థాలర్ పెడుతున్నాను. ఉండాల్సింది 28.07 గ్రాములు. చూపిస్తోంది 28.05. బాగుంది. రూపాయి ఉండాల్సింది 11.66, చూపిస్తోంది 11.52. వందేళ్లు చేతులు మారింది, ఆ మాత్రం అరుగుతుంది. ఇక డాలర్. ఉండాల్సింది 26.73.

22.41.

అవునండి, దొంగది డాలరే. యాప్ "వెరీ ఫైన్" అని ధర కట్టిన డాలర్. ఆన్‌లైన్‌లో ఒక లాట్‌లో, అంటే కొన్ని నాణేలు కలిపి అమ్మితే, కొన్నాను. అమ్మినతను చాలా మర్యాదగా మాట్లాడాడు, అది మాత్రం ఒప్పుకోవాలి. నేను అయస్కాంతం పెట్టి చూసి, అతుక్కోలేదు కదా, వెండే అనుకున్నాను. ఇత్తడి కూడా అతుక్కోదని ఆ క్షణంలో తట్టలేదు. అయస్కాంతం పనికిరాదని కాదు, దాని చోటు దానికి ఉంది. 1943లో యుద్ధానికి రాగి కావాల్సి వచ్చి అమెరికా ఒక సెంటు నాణేలను జింకు పూత పూసిన ఉక్కుతో చేసింది. ఎవరైనా "రాగి 1943 సెంట్" అని గొప్పగా చూపిస్తే అయస్కాంతం దగ్గర పెట్టండి. టక్కున అతుక్కుంటే, అది రాగి పూత పూసిన మామూలు ఉక్కు సెంటే. వెండి విషయంలో మాత్రం అయస్కాంతం మీద భరోసా పెట్టుకోవద్దు.

ఇప్పుడు కాటాతోనే ఇంకో పరీక్ష. ఆరు నెలల్లో నాకు బాగా నచ్చింది ఇదే. చిన్న ప్లాస్టిక్ కప్పులో నీళ్లు పోసి కాటా మీద పెట్టి సున్నా చేయండి. నాణేన్ని సన్నని దారంతో కట్టి నీళ్లలోకి దించండి. పూర్తిగా మునగాలి, అడుగుకి గానీ పక్కలకి గానీ తగలకూడదు. గాలి బుడగలు పట్టుకుంటే లెక్క తప్పుతుంది, ముందే నీళ్లలో ఒక్క చుక్క సబ్బు వేస్తే బుడగలు తగ్గుతాయి. అప్పుడు కాటా చూపించే అంకె నాణెం పక్కకు తోసిన నీటి బరువు. పొడి బరువును దీంతో భాగిస్తే లోహం సాంద్రత వస్తుంది.

థాలర్ దించాను. 2.75. అంటే 28.05ని 2.75తో భాగిస్తే 10.2. అది 83.3 శాతం వెండి, మిగతాది రాగి. ఆ మిశ్రమానికి రావాల్సిన అంకె ఇదే. డాలర్ దించాను. 2.63. 22.41ని భాగిస్తే 8.52. తొంభై శాతం వెండికి 10.3 రావాలి. ఎనిమిదిన్నర అంటే ఇత్తడి లెక్క.

రూపాయితో మాత్రం జాగ్రత్త. 1.12 చూపిస్తే 10.29 వస్తుంది, 1.11 చూపిస్తే 10.38. చివరి అంకె ఒక్కటి మారితే ఫలితం అంత జరిగిపోతోంది. నాణెం చిన్నదయ్యేకొద్దీ ఈ కాటాతో ఈ పరీక్షను నమ్మడం కష్టం. ఇంకో చిరాకు, అంకె నిలబడేలోపే కాటా తనంతట తాను ఆఫ్ అయిపోతుంది. మళ్లీ మొదటి నుంచి చేయాలి. అది తయారుచేసినవాళ్లు ఎప్పుడూ నాణేన్ని నీళ్లలో ముంచి చూసినట్టు లేరు. పరీక్ష అయ్యాక మెత్తటి గుడ్డతో అద్దండి, రుద్దకండి.

కాలిపర్ గురించి రెండు మాటలు చాలు. ప్లాస్టిక్‌దే కొనండి, ఉక్కుది అంచు గీసేస్తుంది. నా దొంగ డాలర్ వ్యాసం 38.1 మిల్లీమీటర్లు, ఖచ్చితంగా ఉండాల్సినంతే ఉంది. కాబట్టి ఒక్క కాలిపర్‌నే నమ్ముకుంటే ఈ నాణెం పాస్.

లూప్‌కి వద్దాం. మొదట "60X", అంటే అరవై రెట్లు పెద్దగా చూపిస్తుందని, రాసి ఉన్న ఒకటి కొన్నాను. చవక. దాంతో చూస్తే నాణెం పొగమంచులో ఉన్నట్టు, అంచుల్లో ఇంద్రధనుస్సులు. ఆ అరవై ఎక్కడి నుంచి వచ్చిందో తయారుచేసినవాడికే తెలియాలి. తర్వాత 10X ట్రిప్లెట్ తీసుకున్నాను, మూడు కటకాలు కలిపి అతికించింది. చాలా తేడా. చాలామంది లూప్‌ని నాణెం మీద పెట్టి దూరం నుంచి వంగి చూస్తారు. అలా కాదు. లూప్‌ని కంటికి ఆనించుకుని, నాణేన్ని అంచులతో పట్టుకుని నెమ్మదిగా పైకి తీసుకురావాలి. వెలుతురు ఒక పక్క నుంచి, ఒక్క బల్బు నుంచే పడాలి. ఇప్పుడు నా ముఖం మీద ఉన్న ఈ రింగ్ లైట్ ఉంది చూశారూ, అన్ని వైపుల నుంచి పడే ఇలాంటి వెలుతురులో గీతలన్నీ మాయమైపోతాయి. నాణెం అమ్మేవాళ్ల ఫొటోల్లో ఏ గీతా కనపడకపోతే ఆ ఫొటో ఎలాంటి వెలుతురులో తీశారో కూడా ఆలోచించండి.

దొంగ డాలర్ మీద చూడండి, క్లోజప్ పెడుతున్నాను. ఖాళీ చోట చిన్న చిన్న గుంటలు, జల్లెడలాగా. కరిగించి మూసలో పోస్తే ఇలా వస్తాయి. అచ్చుతో కొట్టిన నాణేనికి ఖాళీ చోటు నున్నగా ఉంటుంది.

ఇప్పుడు రూపాయి. ఇది 1911ది. రాజుగారి అంగీ మీద, ఛాతీ దగ్గర చూడండి, గొలుసులో చిన్న ఏనుగు ఉంది. ఉంది అంటున్నాను కానీ, తొండం ఎంత పొట్టిగా ఉందో చూశారా? జనం దాన్ని చూసి పంది అన్నారు. గోల పెద్దదై ఆ రూపాయిలను వెనక్కి తీసుకున్నారు. 1912 నుంచి తొండం స్పష్టంగా కనపడేలా మార్చారు. ఇది తెలిస్తే లూప్‌కి పని దొరికినట్టే. ఎవరైనా 1917 రూపాయిలో ఏడుని గీకి ఒకటి చేసి 1911 అని అమ్మాలనుకున్నా, తొండం పట్టించేస్తుంది. యాప్ ఏనుగు జోలికే పోలేదు.

గ్రేడింగ్. ఇక్కడ కొంచెం ఆగుదాం, ఎందుకంటే డబ్బంతా ఇక్కడే ఉంటుంది. ఇప్పుడు అందరూ వాడే 1 నుంచి 70 లెక్క విలియం షెల్డన్ అనే ఆయన 1949లో పెట్టింది. ఆయన సైకాలజిస్టు. పాత అమెరికా రాగి సెంట్ల ధర కట్టడానికి వేసుకున్న లెక్క అది. అన్నిటికన్నా అరిగిపోయినది ఒక వంతు అయితే, మచ్చలేనిది డెబ్బై వంతులు అన్నమాట. ఆ ధరల లెక్క ఎప్పుడో పోయింది, అంకెలు మాత్రం మిగిలాయి. 60 నుంచి 70 దాకా వాడకానికే వెళ్లనివి. 58 అంటే దాదాపు కొత్తదే, కాస్త రాపిడి తగిలింది అని. కాగితం మీద చిన్న తేడా, కానీ కొన్ని నాణేలకు 58కీ 65కీ మధ్య ధరలో పొంతనే ఉండదు.

రాపిడి ఎక్కడ చూడాలి? ఎత్తుగా ఉన్న చోట. మోర్గాన్‌లో చెవి పైన జుట్టు, వెనక గద్ద రొమ్ము. కానీ అక్కడ వివరం లేకపోతే వెంటనే అరిగిందనకండి. అచ్చు సరిగా పడకపోయినా అలాగే ఉంటుంది. నాణేన్ని వెలుతురు కింద నెమ్మదిగా వంచి తిప్పండి. మెరుపు బండి చక్రం ఆకుల్లాగా గుండ్రంగా తిరుగుతుంది. ఆ మెరుపు ఎత్తు భాగాల మీద కూడా ఆగకుండా నడిస్తే అచ్చు లోపం. అక్కడికి వచ్చి చచ్చుబడితే అరుగుదల.

ఈ మెరుపును నేనే ఒకసారి చంపాను. ఇదిగో, నాలుగో నాణెం, ఇందాక చూపించలేదు. నల్లబడిన పాత వెండి నాణెం. టూత్‌పేస్ట్ పెట్టి తోమాను. తళతళలాడింది, ఇంట్లో అందరికీ చూపించాను. ఇప్పుడు లూప్ కింద చూడండి, సన్నగా, ఒకే వైపుకి, దువ్వెన దువ్వినట్టు గీతలు. గ్రేడింగ్ కంపెనీలు ఇలాంటివాటికి అంకె ఇవ్వవు, "క్లీన్ చేసింది" అని రాసి పంపుతాయి. నలుపు పోయింది, దాంతో పాటు విలువలో పెద్ద ముక్క కూడా పోయింది.

గ్రేడు విషయంలో యాప్‌నే తప్పు పట్టడం న్యాయం కాదు కాబట్టి నన్ను కూడా పరీక్షించుకున్నాను. అదే రూపాయికి మూడు వేర్వేరు రోజుల్లో గ్రేడు రాసి, కాగితాలు మడిచి పెట్టాను. తీసి చూస్తే 40, 30, 45. ఒకే నాణెం, ఒకే మనిషి! అందుకే పేరున్న గ్రేడింగ్ కంపెనీల్లో కూడా ఒక్కరే చూసి తేల్చరు. యాప్ ఏం చేసిందంటే, అదే రూపాయికి ఎండలో ఒక గ్రేడు, ట్యూబ్‌లైట్ కింద ఇంకో గ్రేడు ఇచ్చింది. నేను కనీసం మూడు రోజులు తీసుకున్నాను.

ధర. యాప్ చూపించే ధర చాలావరకు అడుగుతున్న ధర. అడగడానికేముంది, ఎవరైనా ఎంతైనా అడగొచ్చు. నేను చూసేది అమ్ముడుపోయిన ధర. వేలం సంస్థల పాత ఫలితాల్లో అదే నాణెం, అదే టంకశాల, దగ్గర గ్రేడు ఉన్నవి ఐదారు పట్టుకుని, అన్నిటికన్నా ఎక్కువది, తక్కువది తీసేస్తాను. ఆ ఫలితాల్లో కొన్నవాళ్లు కట్టిన కమీషన్ కూడా కలిసి ఉంటుంది, అది తీసి చూడాలి. వ్యాపారి మీ దగ్గర కొనేటప్పుడు ఇంకా తగ్గిస్తాడు, అతనికీ ఏదో మిగలాలి కదా. ఇక అన్నిటికన్నా కింద ఉండేది లోహం విలువ. రూపాయిలో 91.7 శాతం వెండి, అంటే దాదాపు 10.7 గ్రాములు. ఎంత అరిగినా, ఎవరు తోమినా, మిగిలిన వెండి విలువ ఎక్కడికీ పోదు. టూత్‌పేస్ట్ నాణేనికి ఇప్పుడు మిగిలింది అదే.

కాబట్టి డబ్బు ఒక్కదానికే ఉంటే కాటా కొనండి. రెండోది 10X లూప్, 60X జోలికి వెళ్లకండి. కాలిపర్ తర్వాత తీసుకోవచ్చు. యాప్ ఉచితంగా ఇచ్చేంత వరకు, పేరు చెప్పించుకోవడానికి ఉంచుకోండి. నెల నెలా డబ్బు కట్టించుకునే వెర్షన్ నేను ఒక నెల వాడి ఆపేశాను. ఇంకొకటి, కొన్న నాణేలు పెట్టుకునే కవర్లు పీవీసీ కాకుండా చూసుకోండి. కొన్నాళ్లకు పచ్చగా జిగురు పట్టి నాణేన్ని తినేస్తాయి.

ఆ దొంగ డాలర్ ఏం చేశారని అడుగుతారు. వెనక్కి పంపలేదు, అమ్మనూ లేదు. కాటా డబ్బాలోనే పెట్టుకున్నాను. బ్యాటరీ మార్చినప్పుడల్లా ముందు దాన్నే తూస్తాను. ఇవాళ పొద్దున కూడా 22.41 చూపించింది.