పసిగుడ్డు మీద మందుల పరీక్షలా?

అందరికీ నమస్కారం.

ఈ ప్రశ్న వినగానే ఎవరికైనా మనసు చివుక్కుమంటుంది. చివుక్కుమనాలి కూడా. కానీ నవజాత శిశువుల ఐసీయూలో రోజూ వాడే మందుల్లో చాలావాటిని ఆ వయసు పిల్లల్లో సరిగ్గా పరీక్షించనే లేదు. పెద్దల డోసును బరువును బట్టి తగ్గించి ఇచ్చేస్తుంటాం. అంటే పరీక్ష జరుగుతూనే ఉంది, కాకపోతే లెక్క రాసేవాళ్లు లేరు.

ఇది ఎంత ప్రమాదమో 1959లో క్లోరాంఫెనికాల్ విషయంలో బయటపడింది. నెలలు నిండని పిల్లలకు ఇన్ఫెక్షన్ రాకుండా ముందుజాగ్రత్తగా ఇచ్చిన మందు అది. పొట్ట ఉబ్బి, ఒళ్లు బూడిద రంగుకు తిరిగి పిల్లలు చనిపోయారు. మందు ఇచ్చినవాళ్లనీ ఇవ్వనివాళ్లనీ పోల్చి చూశాకే చంపుతున్నది మందేనని తేలింది. ఆ వయసులో దాన్ని విరిచే శక్తి కాలేయానికి, బయటకు పంపే శక్తి కిడ్నీలకు ఇంకా పూర్తిగా రాదు. బరువును బట్టి డోసు తగ్గించినంత మాత్రాన ఈ తేడా తీరదు.

పరీక్షిస్తే మేలు ఎలా తెలుస్తుందో కెఫీన్ చూపించింది. ఊపిరి మధ్యమధ్యలో ఆగిపోయే పిల్లలకు దాన్ని ఏళ్ల తరబడి వాడారు, లోలోపల భయపడుతూనే. 2006లో వెలువడిన పరీక్షలో 2,006 మంది పిల్లలున్నారు. కెఫీన్ ఇచ్చినవాళ్లలో ఊపిరితిత్తుల దీర్ఘకాలిక జబ్బు తగ్గింది.

సరే, చేయడం ఎలా? మందు ఒంట్లో ఎంత ఉందో రక్తం తీసే చూడాలి, అసలు చిక్కు అక్కడే. కిలో బరువున్న బిడ్డ ఒంట్లో ఉండేది 80 మిల్లీలీటర్ల చిల్లర. పెద్దవాళ్లకు తీసినట్టు ఒక్క 5 మి.లీ. ట్యూబు నింపితే 6 శాతం పోయినట్టే! అందుకే మామూలు టెస్టులకు తీసిన రక్తంలో మిగిలిన చుక్కలే వాడతారు. ఒక్కో బిడ్డ దగ్గర ఒకటి రెండు శాంపిల్సే, వేర్వేరు సమయాల్లో తీసి, అందరివీ కలిపి గణితంతో లెక్క కడతారు. పోల్చి చూడటానికి కొందరికి మందు బదులు ఉత్త సెలైన్ ఇస్తారు, దానికోసం బిడ్డను కొత్తగా సూదితో పొడవడం మాత్రం నాకు సమ్మతం కాదు. ఉన్న లైన్‌లోంచే ఇవ్వాలి.

ఇక అంగీకారం. తల్లి ఆపరేషన్ మత్తులో ఉంటుంది, తండ్రి మందుల చీటీ పట్టుకుని పరిగెడుతుంటాడు. ఆ టెన్షన్‌లో ఇరవై పేజీల ఫారం చేతిలో పెడితే ఎక్కడ చెబితే అక్కడ సంతకం పెడతారు. దాన్ని అంగీకారం అనగలమా? రెండు మాటల్లో విషయం చెప్పి, తల్లి తేరుకున్నాక మళ్లీ అడగాలి. వద్దంటే వైద్యంలో ఏ లోటూ రాదని పైస్థాయి డాక్టరు కాకుండా, రోజూ బిడ్డను చూసే నర్సమ్మ చెబితే ఎక్కువ నమ్ముతారు.

ఒకప్పుడు వెంటిలేటర్ త్వరగా తీసేయొచ్చని పుట్టిన మొదటి రోజుల్లోనే డెక్సామెథసోన్ అనే స్టెరాయిడ్ మందు విరివిగా ఇచ్చారు. వెంటిలేటర్ తీయగలిగారు కూడా. ఆ పిల్లల్లో కొందరికి సెరిబ్రల్ పాల్సీ (మెదడు దెబ్బతిని కదలికలు కుంటుపడటం) ఉందని ఏళ్ల తర్వాత తెలిసింది. అందుకే డిశ్చార్జ్ రోజుతో ముగిసే పరీక్షకు, ఇలాంటి పరీక్షలకు అనుమతిచ్చే ఎథిక్స్ కమిటీ ఒప్పుకోకూడదంటాను. రెండేళ్ల ఫాలో-అప్‌కు డబ్బు ఎక్కడిదని మొదటి మీటింగ్‌లోనే అడగాలి.