స్టార్టర్ డబ్బాల ఉండే ప్లాస్టిక్ గురించి
(తెలంగాణ ఇంజనీర్స్ డే రోజు హన్మకొండల చేసిన ప్రసంగ పాఠం)

అందరికి నమస్కారం. వేదిక మీదున్న ప్రిన్సిపాల్ సారుకు, మెకానికల్, ఎలక్ట్రికల్ డిపార్ట్‌మెంట్ల సార్లకు, మేడమ్‌లకు, షిఫ్ట్ ఇడిసిపెట్టి మడికొండ నుంచి వచ్చిన మా మౌల్డింగ్ యూనిట్ల తమ్ముళ్ళకు, వైండింగ్ షాపుల అన్నలకు, ముందు వరుసల కూసున్న డిప్లొమా పిల్లలకు పేరుపేరున నమస్కారం. ఇయ్యాల జులై 11, నవాబ్ అలీ నవాజ్ జంగ్ బహదూర్ పుట్టినరోజు. నిజాంసాగర్ కట్టిన ఆ మహానుభావుని గురించి సారు ఇప్పుడే మంచిగ చెప్పిండు కాబట్టి నేను మళ్ళ చెప్పను. నాకిచ్చిన టాపిక్ ఇంజనీరింగ్ థర్మోప్లాస్టిక్ పాలిస్టర్లు, అంటే వేడికి కరిగి అచ్చుల పోయొచ్చే గట్టి రకం పాలిస్టర్ ప్లాస్టిక్‌లు, వాటి గుణాలు, ఎంపిక. గుణాలు మీకు డేటాషీట్‌ల దొరుకుతయి. నేను మాత్రం ఎక్కువసేపు ఒక స్టార్టర్ డబ్బా, అంటే చేను కాడ మోటర్‌ను ఆన్ చేసే డబ్బా, గురించే మాట్లాడత, ముందే చెప్తున్న.

మొదలు జెర పరిచయం. మనం తొడుక్కునే పాలిస్టర్ అంగీ, నీళ్ళ సీసా, కారు వైరింగ్ కనెక్టర్, ఈ మూడు ఒకటే కుటుంబం. 1941ల ఇంగ్లండ్‌ల విన్‌ఫీల్డ్, డిక్సన్ అనే ఇద్దరు పెట్ (PET) అనే పాలిస్టర్‌ను కనుక్కున్నరు. దారానికి, సీసాకు అది మస్తు పనికొచ్చింది, కని మౌల్డ్‌ల, అంటే అచ్చుల, పోసి గట్టి పార్ట్ తీద్దామంటే అది నిదానంగ స్ఫటికం కడ్తది, అంటే దాని అణువుల గొలుసులు వరుసగ పేర్చుకొని గట్టిపడుడు ఆలస్యమయితది, మౌల్డ్‌ను 120 డిగ్రీల పైన వేడిగ ఉంచాలె, లేకుంటే ప్రత్యేకం గ్రేడ్ కావాలె. 1970 ప్రాంతంల పీబీటీ (పాలిబ్యూటిలీన్ టెరెఫ్తలేట్) అనే ఇంకో పాలిస్టర్ మార్కెట్‌కు వచ్చినంక ఆ తిప్పలు పోయింది. పెట్‌ల రెండు కార్బన్ల గ్లైకాల్ ఉంటది, పీబీటీల నాలుగు కార్బన్ల బ్యూటేన్‌డయాల్ ఉంటది, అంతే తేడా. ఆ నాలుగు కార్బన్లతోటి గొలుసు సులువుగ వంగుతది, గబగబ స్ఫటికం కడ్తది, 60, 80 డిగ్రీల మౌల్డ్‌ల కూడ పార్ట్ టక్కున గట్టిపడి బయటికొస్తది. పెట్ 255 డిగ్రీల కాడ కరిగితే ఇది 225 లోపే కరుగుతది. మీ కీబోర్డ్ మీది మంచి రకం బటన్లు పీబీటీయే, ఊరూరికి లాగుతున్న ఫైబర్ కేబుల్‌ల గాజు పోగులను కాపాడే రంగురంగుల సన్న గొట్టాలు చాలావరకు పీబీటీయే.

ఇగ అసలు ముచ్చట. మా బామ్మర్దికి నర్సంపేట దిక్కు మిరప చేను ఉన్నది. పోయిన యాసంగిల, చేను మంచి పూత మీదున్నప్పుడు 5 హెచ్‌పీ మోటర్ కాలిపోయింది. ట్రాన్స్‌ఫార్మర్ మీద లోడ్ ఎక్కువైంది, లైన్‌మన్ పట్టించుకోడు అని వాడు ఊరంత తిరిగి తిట్టిండు. నేను పోయి స్టార్టర్ డబ్బా మూత తీసి చూసిన. మూడు ఫేజుల టెర్మినల్ బ్లాక్‌ల, అంటే వైర్లను స్క్రూలతోటి బిగించే ప్లాస్టిక్ ముక్కల, నడిమి ఫేజు కాడ ప్లాస్టిక్ మాడి ఉబ్బింది, ఇత్తడి ముక్క నీలం తిరిగింది, స్క్రూను వేలితోటి తిప్పితే తిరుగుతుంది! స్క్రూడ్రైవర్ అక్కర్లేదు, ఉత్త వేలు! ఆ ఫేజు తెగిపోతే మోటర్ రెండు ఫేజుల మీద గుంజి గుంజి వైండింగ్ మాడిపోయింది. లైన్‌మన్‌ది గాదు, ట్రాన్స్‌ఫార్మర్‌ది గాదు, తప్పంత బొటనవేలంత ప్లాస్టిక్ ముక్కది.

స్క్రూ ఎట్ల లూజయితదో జెర మనసు పెట్టి వినుండ్రి. బిగించినప్పుడు ఆ ఒత్తిడి ప్లాస్టిక్ మీద కూడ పడుతది. ప్లాస్టిక్ మెత్తది అయితే రోజురోజుకు అణిగిపోతది, దాన్నే క్రీప్ అంటం. అణిగితే పట్టు తగ్గుతది, పట్టు తగ్గితే కాంటాక్ట్ కాడ రెసిస్టెన్స్ పెరుగుతది, అది పెరిగితే వేడి, ఆ వేడికి ప్లాస్టిక్ ఇంక మెత్తబడుతది, ఇంక లూజయితది. ఒక్కసారి మొదలైతే ఆగదు. అందులో నైలాన్ అయితే వానకాలం నీళ్ళు గుంజి ఉబ్బుతది, ఎండకాలం ఎండి ముడుసుకుంటది. నైలాన్ 66 నీళ్ళల నానితే 8 శాతం పైన గుంజుతది, పీబీటీ అదే తీరుగ నానినా అర శాతం దాటదు. డేటాషీట్ల నైలాన్ బలం మస్తు కనపడతది, కని చిన్న అక్షరాలల 'డ్రై' అని ఉంటది సూడుండ్రి, అంటే మౌల్డ్‌ల నుంచి తీసినప్పుడున్న లెక్క అది. వరంగల్‌ల రెండు వానకాలాలు చూసినంకటి లెక్క గాదు. నైలాన్ చెడ్డదని నేను అంటలేను. గేర్లకు, కేబుల్ టైలకు అది మస్తు మంచిది. కొలత మారొద్దు, స్క్రూ పట్టు పోవొద్దు, కరెంటు కారొద్దు అనే చోట పీబీటీయే మేలంటున్న.

ఆ డబ్బా మీద ఏమి రాసున్నదో తెలుసా? పీబీటీ, జీఎఫ్ 30, వీ-0. అంటే 30 శాతం గ్లాస్ ఫైబర్ కలిపిన పీబీటీ, మంట అంటుకున్నా 10 సెకండ్లల ఆరిపోయే రకం. నాకు నమ్మబుద్ధి కాలే. బ్లేడ్‌తోటి బ్లాక్ నుంచి చిన్న పీస్ కోసి, గాలి తగిలే చోట నిలబడి, పట్కారతోటి పట్టి కాల్చిన. వెంట్రుకలు కాలిన వాసన! అది నైలాన్ వాసన. పాలిస్టర్ అయితే నల్లటి మసి పొగ వస్తది, కొంచెం తీపి వాసన ఉంటది, వెంట్రుకల వాసన రాదు. ఇంకో పీస్ తీసి, ఉప్పు ఇంక కరగనంత కలిపిన నీళ్ళల ఏసిన. తేలింది. ఆ ఉప్పు నీళ్ళ సాంద్రత 1.2, ఉత్త నైలాన్‌ది 1.14, ఉత్త పీబీటీది 1.31, గ్లాస్ కలిపిన పీబీటీది 1.53, గ్లాస్ కలిపిన నైలాన్ అయినా 1.36 ఉంటది, అది కూడ మునగాలె. తేలిందంటే అందులో పీబీటీ లేదు, గ్లాస్ కూడ లేదు. వాసన, ఉప్పు నీళ్ళు, ఇంతే ల్యాబ్. ముందు వరుసల పిల్లలు రాసుకోండి, ఇది పరీక్షల రాదు.

ఆ స్టార్టర్ కంపెనీ పేరు నేను చెప్పను. కని అంతకుముందు ఆ టెర్మినల్ బ్లాక్ మా యూనిట్ల నుంచే పోయేది. పర్చేజ్ ఆయన ఒకరోజు ఫోన్ చేసి, అదే నలుపు, అదే సైజు, వేరేకాడ తక్కువకు ఇస్తున్నరు, మీదేంది ప్రత్యేకం అన్నడు. నేను పోయి కూసోని అన్ని చెప్పిన. బరువు లెక్క కూడ చెప్పిన, ఎందుకంటే దాచుడు నాకు రాదు: అదే బ్లాక్ ఉత్త నైలాన్‌ల 100 గ్రాములైతే గ్లాస్ పీబీటీల 134 గ్రాములు అయితది, అంటే కిలో రేటు ఎక్కువ, పైంగ కిలోకు పీసులు తక్కువ. ఆయన ఆ రెండు అంకెలే రాసుకున్నడు. లాగితే తెగకుండ తట్టుకునే బలం ఉత్త పీబీటీకి 55 మెగాపాస్కల్ కాడ ఉంటే గ్లాస్ కలిపితే 120 దాటుతది, బరువు పెట్టి వేడి చేస్తే ఉత్తది 60 డిగ్రీల కాడ వంగుతది, గ్లాస్‌ది 200 దాక నిలబడుతది, ఇవి రాసుకోలే. ఆర్డర్ పోయింది, పోనీ, వ్యాపారం అన్నంక పోతయి. కని డబ్బా మీద పీబీటీ అని అట్లనే అచ్చు కొట్టుకుంట పోయిన్రే, అది నా కడుపుల మంట. అయ్యా, ఆ బ్లాక్ మీద మిగిలింది కొన్ని రూపాయలు, రైతుకు పోయింది మోటర్ రీవైండింగ్, నీళ్ళు లేక రాలిన పూత. ఈ లెక్క ఏ పర్చేజ్ ఫైల్ల కనపడది. ఇక్కడ కూసున్న పిల్లలల్ల రేపు కొందరు అదే కుర్చీల కూసుంటరు, నేను మీతోటే మాట్లాడుతున్న.

ఇగ మా మౌల్డింగ్ తమ్ముళ్ళకు. మెటీరియల్ మంచిది కొన్నంత మాత్రాన పార్ట్ మంచిగ రాదు. పాలిస్టర్‌ను ఎండబెట్టాలె, 120 డిగ్రీల కాడ ఓ నాలుగు గంటలు, తేమ 0.04 శాతం కన్న తక్కువకు రావాలె. నీళ్ళు తక్కువ గుంజుతది గదా, మళ్ళ ఎండబెట్టుడెందుకు అని అడుగుతరు. ప్లాస్టిక్‌ను కరిగించే మిషన్ బ్యారెల్‌ల 250 డిగ్రీల వేడిల ఆ కొద్ది తేమే గొలుసులను తెంపుతది. నైలాన్ తడిగ ఉంటే పార్ట్ మీద వెండి గీతలు పడి మొఖం మీదనే చెప్తది. పీబీటీ చెప్పదు! పార్ట్ నున్నగ, మెరుస్తూ, అందంగ వస్తది, లోపల మాత్రం పెళుసైపోయి ఉంటది, క్యూసీల, అంటే నాణ్యత చెకింగ్‌ల, పాసయితది, రైతు స్క్రూ బిగించినప్పుడు పగులుతది. జులైల, ఆగస్టుల కరెంటు పోయి డ్రయ్యర్ బందయితే, కరెంటు రాంగనే మిషన్ మొదలువెట్టకుండ్రి, మెటీరియల్ మళ్ళ ఎండనియ్యుండ్రి. ఓనర్ కోపం చేస్తే నా పేరు చెప్పుండ్రి.

పార్ట్ వంకర పోవుడు గురించి కూడ అడిగిండు ఒక తమ్ముడు పొద్దున. గ్లాస్ పోగులు మెటీరియల్ పారే దిక్కుకు, కట్టిన వరిగడ్డి మోపు లెక్క, ఒకే వైపు పడుకుంటయి. పారే దిక్కుకు 0.3 శాతం ముడుసుకుంటే అడ్డం 1 శాతం దాక ముడుసుకుంటది, అందుకే పలుచటి మూత వంకర పోతది. మౌల్డ్‌ల మెటీరియల్ దూరే గేట్ ఎక్కడ పెడుతున్నరో ముందే ఆలోచించాలె, బల్లపరుపుగనే కావాలంటే గాజు గుండ్లు గాని మినరల్ గాని కలిపిన గ్రేడ్, లేదంటే ఏఎస్ఏ అనే ఇంకో ప్లాస్టిక్ కలిపిన బ్లెండ్ తీసుకోవాలె. రెండు ప్రవాహాలు కలిసే గీత స్క్రూ కాడ రావొద్దు, అక్కడ పోగులు అటుదిటు దాటవు, బలం ఉండదు.

ఇంకో సంగతి, పిల్లలు దీన్ని అసలు తలకెక్కించుకోరు. గ్లాస్ కలిపితే బలం, మంటను ఆపే మందు కలిపితే వీ-0, మంచిదే. కని ఆ మందుల బ్రోమిన్ ఉన్న గ్రేడ్లల చాలావాటికి సీటీఐ పడిపోతది. దుమ్ము, తేమ కలిసి పైన పేరుకుంటే కరెంటు పైపైన పాకి కాలిన దారి పడుతది, ఎన్ని వోల్టుల దాక ఆ దారి పడకుంట ఉంటదో చెప్పేదే సీటీఐ. ఉత్త పీబీటీకి 600 ఉంటది, ఆ గ్రేడ్లల కొన్నిటికి 250కి దిగుతది. బేకలైట్ అనే పాతకాలం గట్టి ప్లాస్టిక్‌కు 200 కూడ రాదు, అందుకే పాత స్టార్టర్లల నల్లటి గీతలు పడి ఉంటయి, వైండింగ్ అన్నలకు బాగ తెలుసు. మన చేను కాడి డబ్బాల బల్లులు, కందిరీగ గూళ్ళు, ఎరువుల దుమ్ము, అన్నీ ఉంటయి. అందుకే వీ-0 ఉన్నదా అని ఒక్కటే అడిగి ఊకోకుండ్రి, సీటీఐ ఎంత అని కూడ అడుగుండ్రి. బ్రోమిన్ లేకుంట సీటీఐ ఎక్కువ నిలబెట్టే వీ-0 గ్రేడ్లు కూడ దొరుకుతయి, పిరం ఉంటయి.

మరి పీబీటీ అన్నిటికి మందా? కాదు. వేడి నీళ్ళల పెట్టకుండ్రి. పెట్రోల్, డీజిల్, గ్రీజు, నూనె దాన్ని ఏం చేయవు, కని 60 డిగ్రీల పైన నీళ్ళల ఎప్పుడూ నానే చోట, గీజర్ లోపల, ఆవిరి తగిలే చోట దాని గొలుసును కలిపి ఉంచే ఎస్టర్ బంధం తెగిపోతది, కొన్నాళ్ళకు చెయ్యితోటి విరుస్తే విరుగుతది. కాస్టిక్ సోడా లాంటి గట్టి క్షారం కూడ దానికి పడదు. వేడినీళ్ళ పనికి ఎవరన్న పీబీటీ అడిగితే మా యూనిట్ల ఆర్డర్ తీసుకోం, పీపీఎస్ అనే వేరే ప్లాస్టిక్ చూసుకోండని చెప్తం.

టైమ్ అయిందని సారు చెయ్యి ఊపుతున్నడు, ఒక్క నిమిషం సార్. వైండింగ్ అన్నలకు చిన్న మనవి. కాలిన మోటర్ మీ దగ్గరికి వచ్చినప్పుడు రైతును స్టార్టర్ డబ్బా కూడ తెమ్మనుండ్రి. టెర్మినల్ స్క్రూ వేలితోటి తిరుగుతుందా చూడుండ్రి, తిరిగితే ఆ బ్లాక్ మార్చకుండ మోటర్ ఇచ్చి పంపకుండ్రి, లేకుంటే మళ్ళ కాలుతది. అనుమానం వచ్చిన బ్లాకులు నాకియ్యుండ్రి, కాల్చి, ఉప్పు నీళ్ళల ఏసి, ఏ ప్లాస్టిక్కో కాయితం మీద రాసిస్త, పైసలొద్దు. ప్రిన్సిపాల్ సార్, మీ ల్యాబ్‌ల ఓవెన్, సన్నటి త్రాసు ఉన్నయి, ఈ పని పిల్లలతోటి చేపిద్దామంటే వచ్చే సోమవారం నుంచే నేను వస్త.