మన్నే పెంచి, మన్నే మూసిన ఇటుకల కర్మాగారం: స్టూవర్ట్‌బీ

సభకు నమస్కారం.

ఇంగ్లండులోని బెడ్‌ఫర్డ్‌షైర్‌లో స్టూవర్ట్‌బీ అనే చిన్న ఊరుంది. 1930ల నడిమికాలంలో ప్రపంచంలోకెల్లా పెద్ద ఇటుకల కర్మాగారం అక్కడే ఉండేది. లండన్ బ్రిక్ కంపెనీ నడిపిన ఆ కర్మాగారంలో దాదాపు 2,000 మంది పనివారు ఏడాదికి 50 కోట్ల ఇటుకలు తయారుచేసేవారు. దాని చరిత్రను యజమానులతో కాక మన్నుతో మొదలుపెట్టడమే న్యాయమని నేను నమ్ముతాను.

సుమారు 16 కోట్ల ఏళ్ల కిందట సముద్రపు అడుగున పేరుకున్న బంకమన్ను అది. నాటి జీవరాశి అవశేషాలు అందులో కలిసిపోయి కర్బనంగా మిగిలాయి. 1880ల తొలినాళ్లలో పీటర్‌బరో దగ్గరి ఫ్లెటన్‌లో దీని గుణం బయటపడింది. ఆ మన్నును పొడిచేసి అచ్చులో గట్టిగా అదిమితే, ఎండబెట్టే పనే లేకుండా పచ్చి ఇటుకను నేరుగా బట్టీలో పేర్చవచ్చు. బట్టీ వేడెక్కాక ఇటుకలోని కర్బనమే అంటుకుని దాన్ని కాల్చుతుంది కనుక బొగ్గు చాలా తక్కువ పడుతుంది. ఆ ఊరి పేరుతోనే ఫ్లెటన్ ఇటుక అని పిలిచే ఈ ఇటుక అంత చౌకగా దొరకడానికి అసలు కారణం ఇదే.

బట్టీ సంగతి కూడా చెప్పాలి. 1858లో జర్మన్ ఇంజనీరు ఫ్రీడ్రిష్ హాఫ్‌మన్ పేటెంటు పొందిన పద్ధతిలో గదులు వలయంలా ఉంటాయి; ఇటుకలు కదలవు, మంటే ఒక గది నుంచి మరో గదికి సాగిపోతుంది. కాలిన ఇటుకల వేడిని అందుకున్న గాలి మంటను చేరుతుంది, మంట దాటిన వేడి ముందున్న పచ్చి ఇటుకల తడిని ఆర్చుతుంది. అందుకే ఒకసారి రాజుకున్న బట్టీ ఏళ్ల తరబడి ఆరేది కాదు. అయితే మంట దాటిపోయిన గదిలోకి మనిషి దిగి, ఇంకా వేడి తగ్గని ఇటుకలను చేతులతో బయటికి తీయవలసి వచ్చేది. రెండో ప్రపంచయుద్ధం తర్వాత ఈ పనికి స్థానికులు చాలక, 1950లలో దక్షిణ ఇటలీ నుంచి వేలమందిని రప్పించారు. బెడ్‌ఫర్డ్ పట్టణంలో నేటికీ పెద్ద ఇటాలియన్ సమాజం ఉండటానికి మూలం ఆ బట్టీలే.

ఆ ఇటుకనొకదాన్ని దగ్గరగా చూస్తే, ముఖం మీద అడ్డంగా లేత, ముదురు పట్టీలు కనిపిస్తాయి. బట్టీలో ఒకదానిపై ఒకటి ఆనిన చోట ఒక రంగు, గాలి తగిలిన చోట మరో రంగు తేలడం వల్ల ఏర్పడిన గుర్తులవి. పేర్చిన చేతుల ఆనవాలు నాకు వాటిలోనే కనబడుతుంది.

బొగ్గు ఖర్చు మిగిల్చిన ఆ మన్నులోనే గంధకమూ ఉంది. కాలేటప్పుడు అది సల్ఫర్ డయాక్సైడుగా పొగగొట్టాల నుంచి వెలువడి చుట్టుపక్కల ఊళ్లన్నింటినీ కమ్మేది. ఆ వాయువుపై విధించిన పరిమితులను అందుకోలేక 2008లో కర్మాగారం మూతపడింది. ఒకప్పుడు ముప్ఫైకి పైగా ఉన్న పొగగొట్టాల్లో చివరికి నాలుగే మిగిలాయి. ఒక్కటైనా నిలిపి ఉంచవలసిందన్న బాధ నాకుంది. 2021 సెప్టెంబరులో ఆ నాలుగింటినీ కూల్చేశారు. మన్ను తవ్విన గుంటల్లో ఒకటి నీళ్లు నిండి సరస్సయింది, ఇప్పుడు అందులో పడవలు తిరుగుతున్నాయి.