“అవ్వ బువ్వ తింటాందా సార్?”

(హనుమకొండలో సైకాలజిస్టులకు, సైకియాట్రీ పీజీ విద్యార్థులకు జరిగిన శిక్షణ తరగతిలో మాట్లాడిన పాఠం)

వేదిక మీద ఉన్న పెద్దలకు, జువెనైల్ జస్టిస్ బోర్డు సభ్యులకు, నైట్ డ్యూటీ దిగి నేరుగా ఇక్కడికే వచ్చిన పీజీ పిల్లలకు నమస్కారం. అందరినీ పేరుపేరునా పలకరించాలని ఉంది గానీ నాకిచ్చింది నలభై నిమిషాలే. ఒక పిల్లవాడి విషయంలో నేను వాడుకున్నది కూడా సరిగ్గా నలభై నిమిషాలే, ఆ సంగతికి వస్తాను.

ముందు చట్టం. 2015 జువెనైల్ జస్టిస్ చట్టం 2016 జనవరి 15 నుంచి అమల్లోకి వచ్చింది. కనీసం 7 ఏళ్లు, అంతకు పైన శిక్ష పడే ఘోరమైన నేరంలో 16 ఏళ్లు నిండిన పిల్లవాడి మీద ఆరోపణ వస్తే, అలాంటి పిల్లల కేసులు చూసే జువెనైల్ జస్టిస్ బోర్డు సెక్షన్ 15 కింద ప్రాథమిక అంచనా వేయాలి. పిల్లవాడిని మొదటిసారి బోర్డు ముందు హాజరుపరిచిన రోజు నుంచి 3 నెలల్లో అది పూర్తి కావాలి. అందులో చూడాల్సినవి మూడు. ఆ నేరం చేయగల మానసిక, శారీరక సామర్థ్యం ఉందా, దాని పర్యవసానాలు వాడికి అర్థమవుతాయా, ఎలాంటి పరిస్థితుల్లో జరిగిందని అంటున్నారు. అంతే. ఈ మూడింటినీ గుర్తు పెట్టుకోండి, మళ్లీ అడుగుతాను.

ఈ అంచనాను బట్టే కేసు బోర్డు దగ్గర ఉంటుందా, చిల్డ్రన్స్ కోర్టుకు వెళ్తుందా తేలుతుంది. బోర్డు దగ్గరే ఉంటే స్పెషల్ హోమ్‌లో గరిష్ఠంగా 3 ఏళ్లు. చిల్డ్రన్స్ కోర్టు కూడా పెద్దవాడిలాగే విచారించాలనుకుంటే, ఉరి గానీ, విడుదలకు అవకాశం లేని యావజ్జీవం గానీ తప్ప మిగిలిన శిక్షలన్నీ పడవచ్చు. పదహారేళ్ల పిల్లవాడికి ఆ రెంటి మధ్య ఎంత దూరమో మీరే ఆలోచించండి. ఈ అంచనా కోసం బోర్డుకు మనం రాసిచ్చే రిపోర్టు నిలబడేది ఆ దూరం మధ్యలో.

నా దగ్గర స్లైడ్లు ఉన్నాయి, మెదడు ముందు భాగం ఇరవై దాటాక కూడా ఎదుగుతూనే ఉంటుందని, ప్రశాంతంగా కూర్చున్నప్పుడు సరిగ్గా ఆలోచించే పిల్లవాడే పక్కన నలుగురు దోస్తులు ఉంటే వేరేగా నడుస్తాడని. అవి మీకు మెయిల్ చేయిస్తాను. ఇప్పుడు ఆ పిల్లవాడి సంగతే చెప్పాలి.

ఊరు, పేరు చెప్పను, పిల్లల వివరాలు బయటపెట్టకూడదనే సెక్షన్ 74 ఒప్పుకోదు, ఒప్పుకున్నా చెప్పను. ఏడో తరగతిలో బడి మానేసి ఎనుమాముల మార్కెట్లో మిర్చి బస్తాల దగ్గర పని చేసేవాడు. గొడవలో వాడి దోస్తే చనిపోయాడు. ఈ అంచనా కోసం వాడిని నా దగ్గరకు పంపిన రోజు ఓపీ బయట అరవై మంది ఉన్నారు. రికార్డు రూములో ఒక మూల రెండు కుర్చీలు వేయించాను. సివిల్ డ్రెస్సులో కానిస్టేబుల్ తలుపు దగ్గర నిలబడ్డాడు. పిల్లవాడు చేతులు రెండూ తొడల కింద పెట్టుకుని నేల వైపు చూస్తూ కూర్చున్నాడు. “నీ చర్య పర్యవసానాలు నీకు తెలుసా?” అని అడిగాను. అవును, అదే తెలుగులో. వాడు “ఎర్కలేదు సార్” అన్నాడు. మూడుసార్లు అడిగితే మూడుసార్లూ అదే మాట.

తెలివితేటల పరీక్ష పెట్టాను. మాటలకు అర్థాలు చెప్పే భాగంలో చాలా తక్కువ వచ్చింది. నేను పేపర్లు సర్దుకుంటుంటే, తలుపు దగ్గరున్న కానిస్టేబుల్ ఊరికే వాడిని క్వింటాలుకు తరుగు ఎంత తీస్తారని అడిగాడు. బస్తాకు ఎంత, పది బస్తాలకు ఎంత, రైతు చేతికి చివరికి ఎంత వస్తుంది, మొత్తం నోటితో చకచకా చెప్పేశాడు. అది విని కూడా నేను కాగితం మీద పెట్టలేదు. పరీక్షలో ఆ గడి లేదు మరి.

వాడు లేచి తలుపు దాకా వెళ్లి ఆగాడు. వెనక్కి తిరగకుండానే “అవ్వ బువ్వ తింటాందా సార్?” అన్నాడు. నేను ఫైలు మూస్తూ “తింటుందిలే, పో” అన్నాను.

రిపోర్టులో ఒక వాక్యం రాశాను. “కళ్లలోకి చూసి మాట్లాడడు, సమాధానాలు దాటవేస్తాడు, పశ్చాత్తాపం కనిపించలేదు.” కేసు చిల్డ్రన్స్ కోర్టుకు వెళ్లింది. నా వాక్యం ఆ ఆర్డర్లో ఉన్నది ఉన్నట్టు ఉంది. ఇంకా చాలా కారణాలు ఉండి ఉండవచ్చు, కానీ అది నా వాక్యం.

కొన్ని నెలల తర్వాత వేరే పని మీద వచ్చిన ప్రొబేషన్ ఆఫీసరుతో మాటల్లో అన్నాను, పాపం “అవ్వ” అంటూ తల్లి కోసం అడిగాడని. ఆయన నా ముఖం వైపు చూసి, “సార్, వానికి తల్లి లేదు కదా, చిన్నప్పుడే పోయింది, నా రిపోర్టులో రాసిన” అన్నారు. ఫైలు తెప్పించుకుని చూశాను. సామాజిక విచారణ నివేదిక, నాలుగో పేజీ. తల్లి చనిపోయాక పక్కింట్లోనే తిని పెరిగాడు. ఆ పక్కింటి పిల్లవాడే చనిపోయిన దోస్తు. వాడు అవ్వా అని పిలిచేది ఆ దోస్తు తల్లిని.

క్షమించండి, ఒక్క నిమిషం.

“ఏ అవ్వ?” అని ఒక్క మాట అడగలేదు నేను. నాలుగో పేజీ తిప్పలేదు.

ఇప్పుడు చెప్పండి, చట్టం అడిగిన మూడింటిలో పశ్చాత్తాపం ఎక్కడుంది? లేదు. ఆ అంచనా వేసే నాటికి వాడు నేరం చేశాడని ఎవరూ తేల్చలేదు. నిర్దోషి అనుకునే మొదలుపెట్టాలని చట్టమే చెబుతోంది. అలాంటప్పుడు పశ్చాత్తాపం కోసం వెతకడం అంటే నేరం చేశాడని నేను ముందే తీర్పు చెప్పేసినట్టే కదా. ఆ వాక్యం తప్పు కావడం ఒక ఎత్తు, అసలు అక్కడ ఉండకూడనిది కావడం ఇంకో ఎత్తు. తలొంచుకోవడం సంగతి సరేసరి. మన ఊళ్లలో పెద్దవాళ్ల ముందు పిల్లలు తలెత్తి సూటిగా చూస్తే “ఏందిరా గుడ్లురుముతున్నవ్” అంటాం. చూడకపోతే పశ్చాత్తాపం లేదని రాస్తాం.

2022 జూలై 13న గురుగ్రామ్ పాఠశాల కేసులో సుప్రీంకోర్టు చెప్పింది, బోర్డులో పిల్లల సైకాలజీ గానీ సైకియాట్రీ గానీ చదివి ప్రాక్టీసులో ఉన్నవారు లేకపోతే నిపుణుల సాయం తప్పనిసరిగా తీసుకోవాలని, ఇది మొక్కుబడిగా చేసే పని కాదని. ఆ మరుసటి ఏడాది జాతీయ బాలల హక్కుల కమిషన్ ఈ అంచనా మీద మార్గదర్శకాలు ఇచ్చింది. అంటే ఇక మీ దగ్గరకు పిల్లలను పంపుతూనే ఉంటారు. పంపుతారు సరే, మీకు నేర్పింది ఎవరు? నాకు ఎవరూ నేర్పలేదు, నేను చదువుకున్నప్పుడు దీని మీద ఒక్క క్లాసు లేదు. రెండు రోజుల వర్క్‌షాపు, ఒక సర్టిఫికెట్, ఒక గ్రూప్ ఫోటోతో ఈ పని రాదు. ఆపరేషన్ చూడకుండా కత్తి పట్టనిస్తామా? అనుభవం ఉన్నవాళ్లు చేస్తుంటే పక్కన కూర్చుని చూడాలి, తర్వాత మీరు చేస్తుంటే వాళ్లు చూడాలి, మీ రిపోర్టులో ప్రతి వాక్యం పక్కన “ఇది నీకెలా తెలిసింది?” అని ఎర్ర పెన్నుతో రాసేవాళ్లు కావాలి. బెంగళూరులోని జాతీయ మానసిక ఆరోగ్య సంస్థ నిమ్‌హాన్స్‌లో ఈ పని చేస్తున్నవాళ్లు ఉన్నారు, వెళ్లి నేర్చుకోండి, కానీ నేర్చుకున్నది ఇక్కడి మాటలోకి తేవాల్సింది మనమే.

మాట అంటే గుర్తొచ్చింది. ములుగు వైపు నుంచి కోయ పిల్లవాడు వస్తాడు, మహబూబాబాద్ వైపు తండా నుంచి లంబాడీ పిల్లవాడు వస్తాడు. తెలుగు వాళ్లకు బడి భాష, పోలీసు స్టేషన్ భాష. ఇంటి భాష తెలిసిన మనిషిని పక్కన కూర్చోబెట్టుకోకుండా అంచనా రాయకండి. తెలుగే మాట్లాడే పిల్లవాడితో కూడా పుస్తకం తెలుగు వద్దు. ఆ తర్వాత వచ్చిన ఇంకో పిల్లవాడిని “గిట్ల జేస్తే ఏమైతదో నీకెర్కేనా?” అని అడిగాను. “పోలీసోళ్లు పట్కపోతరు, కొన్ని దినాలకు ఇడిసి పెడ్తరు” అన్నాడు. వాడికి తెలిసిన పర్యవసానం అంతవరకే. దెబ్బ తిన్నవాడి ఇల్లు, తన బతుకు, పదేళ్ల తర్వాతి సంగతి, అవేవీ వాడి లెక్కలో లేవు. కోర్టు అడిగేది ఈ దూరపు పర్యవసానాల గురించి కూడా. ప్రశ్న వాడి భాషలో అడిగాను కాబట్టి నాకది తెలిసింది.

ఇంకో మాట. మనం వాళ్లకు వైద్యం చేయడం లేదు. ఆ సంగతి మొదటే చెప్పాలి. “నేను నీకు మందులిచ్చే డాక్టర్ను కాదు బిడ్డా, నువ్వు చెప్పింది రాసి పంపుతా, జడ్జి సారు చదువుతారు, ఇష్టం లేనిది చెప్పకున్నా ఏం కాదు” అని చెప్పి, వాడికి ఏం అర్థమైందో వాడి మాటల్లోనే చెప్పించుకోండి. డాక్టరు గదే కదా అని గుండెలోది చెప్పుకుంటే అది కోర్టులో వాడి మీదే వాడతారు.

బోర్డు సభ్యులు ఇక్కడే ఉన్నారు, మిమ్మల్ని చేతులెత్తి అడుగుతున్నాను. పిల్లవాడితో పాటు మొత్తం ఫైలు పంపండి. ఒక్క పూటలో రిపోర్టు అడగకండి, చట్టం ఇచ్చిన 3 నెలల్లో రెండు మూడు సార్లు కూర్చునే వీలివ్వండి. పశ్చాత్తాపం గురించి ఎవరైనా రాసుకొస్తే వెనక్కి పంపండి.

భోజనం తర్వాత ఉపన్యాసం వద్దని నిర్వాహకులకు చెప్పాను. నేనే కల్పించి రాసిన ఫైలు ఒకటి ఉంది, పదకొండు పేజీలు, ఇద్దరికి ఒకటి చొప్పున ఇస్తారు. ముందు చివరి పేజీ దాకా చదవండి. ఆ తర్వాత ఇదే కుర్చీలో పిల్లవాడిగా నేను కూర్చుంటాను. తలెత్తను, చేతులు తొడల కింద పెట్టుకుంటాను, ఊరి మాటే మాట్లాడతాను. మీరు అడగండి.