అమ్మమ్మ తెచ్చిన సంచి

శ్రోతలకు నమస్కారం.

విజయవాడ, గుంటూరు కోర్టుల్లో చాలా ఏళ్లుగా పిల్లల సంరక్షణ కేసులు చూస్తున్న లాయర్ని నేను. అమ్మానాన్నలు లేని పిల్లల కోసం బంధువులు ముందుకొచ్చినప్పుడు ఏం జరుగుతుందో ఈ రోజు మీతో మాట్లాడాలని వచ్చాను. పిల్లల వివరాలు బయటపెట్టకూడదని చట్టం చెబుతోంది కాబట్టి పేర్లు, ఊళ్లు చెప్పను.

కొన్నేళ్ల కిందట హైవే మీద జరిగిన ప్రమాదంలో భార్యాభర్తలిద్దరూ పోయారు. పిల్లలిద్దరూ బతికారు. అమ్మాయికి తొమ్మిదేళ్లు, బాబుకు నాలుగు. దిక్కులేని బిడ్డ కనబడితే 24 గంటల్లోపు బాలల సంక్షేమ కమిటీ ముందుకు, అంటే ఇలాంటి పిల్లలు ఎవరి దగ్గర ఉండాలో తేల్చే కమిటీ ముందుకు తీసుకురావాలి. అలాగే పోలీసులు వీళ్లిద్దర్నీ ఆసుపత్రి నుంచి విజయవాడలోని కమిటీ దగ్గరికి తెచ్చారు. నేను వెళ్లేసరికి వరండాలో బెంచీకి ఒక చివర అమ్మమ్మ కూర్చుని ఉంది. రెండో చివర బాబాయి, ఆయన పక్కన నాయనమ్మ.

అమ్మమ్మది గుంటూరు జిల్లాలో పల్లెటూరు. మిరపకాయ కోతలకు వెళ్తుంది. ఒళ్లో ఒక సంచి. అందులో పిల్లల బట్టలు, రేషన్ కార్డు, డబ్బాలో జంతికలు. పిల్లలు తింటారో లేదోనని రాత్రికి రాత్రి వండుకొచ్చిందట, కూతురు పోయి వారం కూడా కాకుండానే. బాబాయిది ఆటోనగర్‌లో లారీ బాడీలు కట్టే పని. నన్ను చూడగానే లేచి నిలబడి అన్నాడు: "మా అన్న రక్తం మేడం. బాబును మేం పెంచుకుంటాం. పాపను వాళ్ల అమ్మమ్మ చూసుకుంటుంది."

ఆయన చెడ్డవాడు కాదు. అన్న పోయిన దుఃఖంలో ఉన్నాడు. ఇంట్లో ముసలితల్లి మనవడి కోసం ఏడుస్తోంది. కానీ ఆ మాట నేను చాలా కేసుల్లో విన్నాను. మగపిల్లవాడు వంశానికి, ఆడపిల్ల అమ్మమ్మకు. పొలం పంచినట్టు గట్టు వేసి పిల్లల్ని పంచేస్తారు. ఆ బాబు అక్క కలిపిన ముద్దే తింటున్నాడు. స్నానానికి కూడా అక్క వస్తేనే కదులుతున్నాడు. అమ్మానాన్నలు పోయాక ఆ పిల్లలకు ఇంట్లోవాళ్లంటూ మిగిలింది ఒకరికొకరే. వాళ్లను విడదీస్తే ఇంకోసారి ఇల్లు కూలినట్టే.

ఇంతలో బంధువుల్లో ఒకాయన అందరి ముందూ పాపను అడిగాడు: "చెప్పమ్మా, ఎవరి దగ్గర ఉంటావు?" పాప తల దించుకుంది. దయచేసి ఏ బిడ్డనూ ఇలా నిలబెట్టి అడగకండి. ఏ పేరు చెప్పినా రెండోవాళ్లకు ద్రోహం చేసినట్టు ఆ పసిమనసు జీవితాంతం మోస్తుంది. ఊహ తెలిసిన బిడ్డ ఇష్టాన్ని లెక్కలోకి తీసుకోవచ్చని 1890 నాటి గార్డియన్ల చట్టంలోనే ఉంది. గార్డియన్ అంటే చట్టప్రకారం బిడ్డ బాధ్యత చూసే మనిషి. కానీ తెలుసుకోవడానికి ఒక పద్ధతుంది. కమిటీలోని ఒక మేడం పాపను లోపలికి తీసుకెళ్లి, పక్కన కూర్చోబెట్టుకుని మామూలు మాటలు అడిగారు. ఎండాకాలం సెలవులకు ఎక్కడికి వెళ్తారు? జ్వరం వస్తే ఎవరు వచ్చేవారు? తమ్ముడికి పాలు మాన్పించింది ఎవరు? పాప అన్నింటికీ ఒక్కటే జవాబు చెప్పింది: అమ్మమ్మ.

ఆ తర్వాత ఇంటి పరిస్థితి చూసి రమ్మని కమిటీ మనిషిని పంపింది. రెండిళ్లకూ పంపింది. బాబాయి ఇంట్లో జీతం ఎక్కువ, స్కూలు దగ్గర. అమ్మమ్మది రేకుల ఇల్లు. "మీ ఆదాయం ఎంత?" అని అడిగితే ఆవిడ భయపడిపోయింది. పేదరాలినని పిల్లల్ని ఇవ్వరేమోనని ఆ రాత్రి నిద్రపోలేదట.

అలా భయపడే అమ్మమ్మలు, తాతయ్యలు ఈ ప్రసంగం వింటుంటే ఒక తీర్పు గురించి చెబుతాను. కోవిడ్‌లో తల్లీతండ్రీ పోయిన అహ్మదాబాద్ పిల్లవాడి కేసు 2022 జూన్‌లో సుప్రీంకోర్టు దాకా వెళ్లింది. ఒకవైపు ప్రభుత్వ ఉద్యోగం ఉన్న పిన్ని, ఇంకోవైపు పెన్షన్ మీద బతికే నాయనమ్మ, తాతయ్య. హైకోర్టు పిన్నికి ఇచ్చింది. సుప్రీంకోర్టు దాన్ని మార్చి నాయనమ్మ, తాతయ్యలకే అప్పగించింది. ఆదాయం, వయసు మాత్రమే చూసి పిల్లవాణ్ణి వాళ్లకు దూరం చేయకూడదని చెప్పింది.

డబ్బు ఇబ్బందికి కూడా దారి ఉంది. బంధువుల దగ్గర పెరిగే ఇలాంటి పిల్లలకు మిషన్ వాత్సల్య అనే ప్రభుత్వ పథకం కింద నెలకు 4,000 రూపాయల సాయం ఉంది. జిల్లా బాలల సంరక్షణ అధికారి ఆఫీసులో అడగండి. లాయరు ఫీజు కట్టలేమని ఆగిపోకండి. ఆడవాళ్లకు, పిల్లలకు ఆదాయంతో పని లేకుండా జిల్లా న్యాయ సేవాధికార సంస్థ ఉచితంగా లాయర్ని పెడుతుంది.

ఇంకో మాట. మన వైపు చాలామంది పెద్దల్లో కూర్చుని, స్టాంపు పేపరు మీద రాసుకుని, సంతకాలు పెట్టుకుని పిల్లల్ని తీసుకెళ్లిపోతారు. ఆ కాగితంతో మీరు గార్డియన్ కాలేరు. రేపు పాస్‌పోర్టు దగ్గరో, బ్యాంకులోనో, ఇంకో బంధువు వచ్చి గొడవపడినప్పుడో అది నిలబడదు. కోర్టులో గార్డియన్ పిటిషన్ వేసుకోవాలి. బిడ్డ మామూలుగా ఎక్కడ ఉంటోందో ఆ ప్రాంతం కోర్టులోనే వేయాలి. ఏ మతం వాళ్లైనా ఆ 1890 చట్టం కింద వేసుకోవచ్చు. గార్డియన్ అయ్యాక కూడా కోర్టు అనుమతి లేకుండా బిడ్డ పేరున ఉన్న సెంటు భూమైనా అమ్మడానికి వీల్లేదు. ప్రమాదంలో వచ్చే నష్టపరిహారంలో పిల్లల వాటాను బ్యాంకులో డిపాజిట్ చేయిస్తారు. డబ్బు కోసమే పుట్టుకొచ్చిన చుట్టాలు ఈ సంగతి తెలిశాక రెండో వాయిదాకు రాకపోవడం నేను కళ్లారా చూశాను.

వదిలేసిన పసిపిల్లల విషయం వేరు. అక్కడ గడియారం తిరుగుతూ ఉంటుంది. పేపర్లో ఫోటోతో ప్రకటన వేసి, తల్లిదండ్రుల కోసం వెతుకుతారు. ఎవరూ రాకపోతే రెండేళ్లలోపు బిడ్డను రెండు నెలల్లో, అంతకంటే పెద్ద బిడ్డను నాలుగు నెలల్లో దత్తతకు ఇవ్వదగిన బిడ్డగా ప్రకటిస్తారు. తల్లే స్వయంగా కమిటీకి అప్పగిస్తే, మనసు మార్చుకోవడానికి రెండు నెలలు గడువిస్తారు. దత్తత ఉత్తర్వు వచ్చిందంటే బిడ్డ ఇక కొత్త తల్లిదండ్రులదే. 2022 సెప్టెంబరు నుంచి ఆ ఉత్తర్వు కలెక్టరు ఇస్తున్నారు.

పెళ్లికాని కూతురికి పుట్టిన బిడ్డను పరువు కోసం వదిలించుకున్న ఒక తల్లీతండ్రీ ఏడాది తర్వాత నా దగ్గరికొచ్చారు. మనవరాలు కావాలన్నారు. అప్పటికే ఆ పాప ఇంకో ఇంటి దీపం. నేను వాళ్లకు మంచినీళ్లు ఇవ్వడం తప్ప ఏమీ చేయలేకపోయాను. మీ కుటుంబంలో ఇలాంటి పరిస్థితి ఉంటే నలుగురూ ఏమనుకుంటారోనని ఆగకండి. ఆ రెండు నెలల్లోనే కమిటీ దగ్గరికి వెళ్లండి. ఎక్కడికి వెళ్లాలో తెలియకపోతే 1098కి ఫోన్ చేయండి.

ఆ అక్కాతమ్ముళ్ల సంగతి చెప్పాలి కదా. కమిటీ ఇద్దర్నీ కలిపే అమ్మమ్మకు అప్పగించింది. తర్వాత గార్డియన్ ఉత్తర్వు కూడా ఆవిడ పేరునే వచ్చింది. నెలకోసారి వచ్చి పిల్లల్ని చూసుకునేందుకు నాన్న తరఫువాళ్లకు అందులోనే వీలు రాయించాం. మొదట్లో బాబాయి కోపంగా ఉండేవాడు. ఇప్పుడు రెండో ఆదివారం రాగానే నాయనమ్మను తీసుకుని గుంటూరు బస్సెక్కుతాడు. కిందటి సంక్రాంతికి బట్టలు కుట్టించుకుని వెళ్లాడట. పాపకు పావడా, బాబుకు చొక్కా. రెండూ ఒకే తానులోంచి.

సెలవు.