ఆగస్టు దగ్గర ఆ గీత ఎందుకు లేచింది?

(మోటర్లు, పంపుసెట్లు తయారుచేసే ఒక కంపెనీ వార్షిక సమావేశంలో, ఆ కంపెనీ రైతు మాసపత్రిక సంపాదకురాలు చేసిన ప్రసంగం)

అందరికీ నమస్కారం. వేదిక మీది పెద్దలకు, కార్ఖానా సిబ్బందికి, రాత్రంతా బస్సుల్లో కూర్చుని వచ్చిన డీలర్లకు, వెనక వరుసల్లో ఉన్న వైండింగ్ మెకానిక్‌లకు నమస్కారం. మెకానిక్‌లందరూ ముందుకు రండి, కుర్చీలు ఖాళీగానే ఉన్నాయి. ఈ పూట నాకు మీతోనే ఎక్కువ పని. పేరుపేరునా తలుచుకోవాల్సినవాళ్లు చాలామంది ఉన్నారు గానీ నాకిచ్చింది పదిహేను నిమిషాలు. ఆ మర్యాదలు భోజనాల దగ్గర తీర్చుకుంటాను.

మన పత్రిక ఏడాది పనితీరు, ఎదుగుదల గురించి చెప్పమన్నారు. మీ చేతుల్లో ఒక కాగితం ఉంది కదా. ఎన్ని ప్రతులు అచ్చయ్యాయి, ఏ జిల్లాకు ఎన్ని వెళ్లాయి, ఎన్ని ఫోన్లు వచ్చాయి, ఎంత ఖర్చయింది, అన్నీ అందులోనే ఉన్నాయి. మా ఆఫీసు పిల్లలు కష్టపడి వేసిన లెక్క. అంకె అంకె నేను సరిచూశాను. మళ్లీ చదివి మీ పొద్దు పుచ్చను. ఒక్కచోట మాత్రం వేలు పెట్టండి. కాగితం కింది భాగంలో ఫోన్ల గీత ఉంది. ఆగస్టు దగ్గర ఒక్కసారిగా పైకి లేచింది, చూశారా? పక్కన ఆకుపచ్చ చుక్క పెట్టి, పాఠకుల స్పందన అత్యధికం అని రాశారు.

నేను ఆ చుక్క గురించి మాట్లాడటానికే వచ్చాను.

దానికంటే ముందు ఒక మాట. ఇక్కడికి రాకముందు నేను ఒక దినపత్రిక డెస్కులో పనిచేశాను. అక్కడ సర్క్యులేషన్ అంటే ప్రాణం. దేశంలో పత్రికల అమ్మకాలను తనిఖీ చేసి ధ్రువీకరించడానికి ఆడిట్ బ్యూరో ఆఫ్ సర్క్యులేషన్స్ అని ఒక సంస్థ 1948 నుంచీ ఉంది. ఆరు నెలలకొకసారి లెక్క తేలుస్తుంది. డబ్బిచ్చి కొన్న ప్రతినే అమ్మకం కింద లెక్కగడుతుంది. ఊరికే పంచింది ఆ లెక్కలోకి రాదు. ఆ కొలబద్ద పెడితే మన పత్రిక అమ్మకం సున్నా. ఒక్క ప్రతి కూడా మనం అమ్మడం లేదు కదా. అందుకని ఇక్కడ ఎన్ని ప్రతులు పంచామన్నదే కొలతగా పెట్టుకున్నాం. అది మన చేతిలో ఉన్న అంకె. ఇంకో బండెడు కాగితం కొని అచ్చేస్తే పెరుగుతుంది. దాన్ని ఎదుగుదల అనడానికి నాకు నోరు రావడం లేదు.

మరి దేన్ని అనాలి? మన పత్రిక చదివేవాళ్లు ఎప్పుడు ఏమడుగుతారో చూడండి. డిసెంబరు ఆఖరు నుంచి జనవరి దాకా యాసంగి నాట్లు, కోస్తాలో దాళ్వా. ఊళ్లో మోటర్లన్నీ ఒకేసారి తిరుగుతాయి. 415 వోల్టులు రావాల్సిన లైను 350కి పడిపోతుంది. వోల్టేజి తగ్గితే అదే పని చెయ్యడానికి మోటరు ఎక్కువ కరెంటు లాగుతుంది, లోపలి తీగచుట్ట, అంటే వైండింగ్, వేడెక్కుతుంది, వార్నిషు మాడిన వాసన వస్తుంది. ఆ నెలల్లో మాకు వచ్చే ఉత్తరాల్లో సగం దాని గురించే. కరెంటు ఎక్కువ లాగితే మోటరును ఆపేసే రిలే పదేపదే పడిపోతోంది, స్క్రూ తిప్పి పెంచుకోవచ్చా అని అడుగుతారు. పెంచొద్దని ప్రతి ఏటా రాస్తాం. రిలే పడిపోతోందంటే అది మోటరును కాపాడుతోందన్నమాట. ఆ సంగతి తెలియక ఎన్ని మోటర్లు కాలాయో మెకానిక్‌లు మీకు నాకంటే బాగా తెలుసు.

వేసవిలో ప్రశ్న మారుతుంది. నీటి మట్టం దిగిపోతుంది, మోటరు ఖాళీగా తిరుగుతుంది. తొలకరి పడ్డాక షాకుల భయం. స్టార్టర్ డబ్బా ముట్టుకుంటే జివ్వుమంటోంది, ఎర్త్ ఎలా వేసుకోవాలి అని అడుగుతారు. తెలంగాణలో 2018 జనవరి 1 నుంచి వ్యవసాయానికి 24 గంటల కరెంటు ఇచ్చారు. ఆ రోజుల్లో ఆటో స్టార్టర్లు తీసెయ్యండని ప్రభుత్వం అడిగింది. కరెంటు ఎప్పుడూ ఉండేటప్పుడు దానంతట అదే లేచే స్టార్టరు ఎందుకు? అవసరం లేకపోయినా మోటరు తిరుగుతుంది, బోరు ఎండుతుంది. కరెంటు పోయిందనుకుని ఎవరైనా మోటరు మీద చెయ్యి వేసి ఉంటే అదే క్షణంలో అది లేస్తుంది. ఈ మాట మన పత్రికలో ఎన్నిసార్లు రాసినా నాకు విసుగు రాదు.

ఇదంతా ప్రశ్నలూ జవాబులూ పేజీ. ఎనిమిది పేజీల్లో ఒకే ఒక్క పేజీ. మిగతా ఏడింటిలో మన కొత్త మోటర్లు, డీలర్ల సమావేశాలు, ఫోటోలు. అవీ కావాలి, కాదనను. కానీ పల్లెలో ఎవరింటికైనా వెళ్లి చూడండి. గోడకు మేకు కొట్టి, దారానికి గుచ్చి దాచుకునేది ఆ ఒక్క కాగితాన్నే. మిగతావి అటక మీద పరిచి ఉంటాయి.

ఇప్పుడు ఆగస్టు.

సింగిల్ ఫేజ్ మోటరుకు ప్యానెల్ బోర్డులో రెండు కండెన్సర్లు ఉంటాయని ఇక్కడ చాలామందికి తెలుసు. తెలియనివాళ్ల కోసం చెబుతాను. స్టార్టింగ్ కండెన్సర్ మోటరు లేచే రెండు మూడు సెకన్ల కోసమే. ఆ తర్వాత లైనులోంచి తప్పుకోవాలి. రన్నింగ్ కండెన్సర్ మోటరు తిరిగినంతసేపూ ఉండాలి. మొదటిది కాసేపు గట్టిగా తోస్తుంది, ఎక్కువసేపు మొయ్యలేదు. దాన్ని తీసుకెళ్లి రెండోదాని చోట పెడితే వేడెక్కి, ఉబ్బి, పేలుతుంది.

ఆగస్టు సంచికలో మేము వేసిన బొమ్మలో ఆ రెండింటి పేర్లు అటుదిటు అయ్యాయి.

నేనే పంపాను. పేజీ మీద సంతకం నాది. అంతకుముందు వరకూ ప్రతి బొమ్మనూ మన వైండింగ్ విభాగంలో తల నెరిసిన ఒక పెద్దాయన చూసేవారు. నేను బాబాయ్‌గారూ అని పిలుస్తాను. ఆయన బొమ్మను కళ్లతో చూసి వదిలేవారు కాదు. సప్లయి దగ్గర చూపుడువేలు పెట్టి, ఒక్కో తీగ మీదుగా నడిపించుకుంటూ మోటరు దాకా వెళ్లేవారు. ఒక్క బొమ్మకు పావుగంట. 'తీగను వేలితోనే చదవాలమ్మా' అనేవారు. జూన్‌లో ఆయన పని గంటలన్నీ సర్వీసు విభాగానికే కేటాయించారు. పత్రిక కోసం నెలకు పోయే ఆ గంటను ఖర్చు కింద చూపించి తీసేశారు. నేను అభ్యంతరం చెప్పాను గానీ పట్టుబట్టలేదు. పట్టుబట్టి ఉండాల్సింది. ఆగస్టు పేజీ రాత్రి పదిన్నరకు నా ముందుకొచ్చింది. అక్షరదోషాలు దిద్దాను. తీగల మీద వేలు పెట్టలేదు.

సంచిక వెళ్లిన అయిదో రోజు నల్గొండ వైపు నుంచి ఒక పెద్దమనిషి ఫోన్ చేశాడు. ఇంటి వెనక కూరగాయల మడి, దానికి చిన్న మోటరు. కోపంగా మాట్లాడతాడనుకున్నాను. ఆయన అన్నమాట ఇప్పటికీ నా చెవుల్లోనే ఉంది.

'అమ్మా, మీ పుస్తకంల బొమ్మ జూసే కలిపిన. పటాకి పేలినట్టు పేలింది. నా మోటరు సంగతి ఎట్లన్న గానియ్. ఇంకెవరన్న కలపకముందుకే జెప్పుండ్రి.'

అక్కడ కూర్చున్న డీలర్లూ, మీలో చాలామందికి ఆ సాయంత్రం నా దగ్గర్నుంచి ఫోన్ వచ్చింది, గుర్తుందా? మీ కొట్టుకు వచ్చిన ప్రతి మనిషికీ చెప్పమన్నాను. ఆ పేజీ చింపెయ్యమన్నాను. కొందరు రాత్రికి రాత్రి సరైన బొమ్మ చేత్తో గీసి షట్టర్ మీద అంటించారు. మీకు నేను రుణపడి ఉన్నాను. ఆ తర్వాత ఫోన్లు వరదలా వచ్చాయి. కలిపి చెడగొట్టుకున్నవాళ్లు, కలపబోతూ ఆగినవాళ్లు, ఏది నిజమో తేల్చుకోలేనివాళ్లు. మా గదిలో ముగ్గురం వంతులు వేసుకుని ఎత్తాం. వచ్చిన ప్రతి ఫోన్‌నూ మా అమ్మాయి నోటు పుస్తకంలో రాసింది.

ఆ ఫోన్లే ఈ గీత. ఆ వరదకే ఈ ఆకుపచ్చ చుక్క.

లెక్క కట్టిన పిల్లలది తప్పు కాదు. ఎన్ని ఫోన్లొచ్చాయో రాయమన్నాం, రాశారు. ఎందుకొచ్చాయో రాయడానికి మనం గడి ఇవ్వలేదు. మన తప్పు వల్ల జనం గాభరాపడి ఫోన్ చేసిన నెల, ఈ కాగితం ప్రకారం మనకు అన్నిటికంటే మంచి నెల. పై ఏడు ఎవరైనా ఈ కాగితం చూసి ఆగస్టులాంటి నెలలు ఇంకా కావాలంటే? ఆ మాట తలుచుకుంటే నాకు నిద్ర పట్టడం లేదు.

సవరణ మొదటి పేజీలో వేస్తానన్నాను. కంపెనీ పరువు పోతుందని ఒకరు, లోపలి పేజీలో చిన్నగా వెయ్యమని ఇంకొకరు అన్నారు. చివరికి ఎం.డి.గారు ఒప్పుకున్నారు, ఆయనకు ఇక్కడే అందరి ముందూ కృతజ్ఞతలు చెబుతున్నాను. పాడైన మోటర్లకు మన ఖర్చుతో మళ్లీ వైండింగ్ చేయించారు. సెప్టెంబరు సంచిక మొదటి పేజీలో పాత బొమ్మ మీద ఎర్ర గీటు కొట్టి, పక్కన కొత్త బొమ్మ వేశాం. కొత్త బొమ్మ మీద బాబాయ్‌గారి వేలు నడిచాకే అచ్చుకు పంపాం. ఆయన తన భోజన విరామంలో వచ్చి చూశారు. సెప్టెంబరు నుంచీ అలాగే, తిండి మానుకుని వచ్చి చూస్తున్నారు.

మన భాషలో సరుకు అమ్ముతూ పత్రిక కూడా నడిపిన వ్యాపారులు లేకపోలేదు. కాశీనాథుని నాగేశ్వరరావు పంతులుగారు 1893లో బొంబాయిలో అమృతాంజనం మొదలుపెట్టారు. అక్కడే 1908లో ఆంధ్రపత్రికను వారపత్రికగా తెచ్చారు. 1914లో మద్రాసు నుంచి దినపత్రిక చేశారు. తలనొప్పి మందు అమ్మగా వచ్చిన డబ్బును తెలుగువాళ్లు చదువుకోవడానికి పెట్టారు. ఆడవాళ్ల మందు లోధ్ర అమ్మిన కేసరిగారు 1928లో గృహలక్ష్మి పత్రిక పెట్టి ఆడవాళ్ల రాతలకు చోటిచ్చారు. అంత దూరం, అమెరికాలో నాగళ్లు చేసే డీర్ కంపెనీ 1895లో రైతుల కోసం ఒక పత్రిక పెట్టింది, ఇప్పటికీ నడుస్తోంది. దాని పేరుకు మన భాషలో అర్థం నాగటిచాలు. నాగళ్లు అమ్మేవాళ్లు పత్రికకు నాగలి పేరు పెట్టలేదు, అది రైతు పొలంలో తీసే చాలు పేరు పెట్టారు. నాకు ఆ పేరు ఎంతో ఇష్టం.

టైమైపోతోందని చీటీ వచ్చింది. రెండు నిమిషాలు ఇవ్వండి.

వచ్చే ఏడు ప్రశ్నల పేజీని సగం చేసి, మిగతా సగంలో డీలర్ల ఫోటోలు వెయ్యాలని ప్రతిపాదన ఉంది. ఆ పేజీ వల్ల ఆర్డర్లు రావడం లేదని కారణం రాశారు. డీలర్లూ, మిమ్మల్నే అడుగుతున్నాను. మీ ఫోటో కోసం ఆ అరపేజీ తీసుకుంటారా? వద్దనేవాళ్లు చేతులెత్తండి. గట్టిగా ఎత్తండి, పెద్దలకు కనపడాలి. చాలా సంతోషం. ఇది మినిట్స్‌లో రాయమని కార్యదర్శిగారిని కోరుతున్నాను.

బాబాయ్‌గారి గంట మాకు తిరిగి ఇవ్వండి. నెలకు ఒక్క గంట. ఆయన తిండి మానుకుని చేసే పనిగా కాక, కంపెనీ పనిగా ఇవ్వండి. వచ్చే ఏడాది ఈ కాగితంలో ఫోన్ల గీత పక్కన ఇంకో గడి పెట్టండి. అడిగిన మనిషి మనం చెప్పినట్టు చేశాక మోటరు తిరిగిందా లేదా అని. అది తెలుసుకోవాలంటే మనమే ఫోన్ చెయ్యాలి. చేస్తాం. మా ముగ్గురికీ ఓపికుంది. ఆ గడిలో అంకె చిన్నదిగా ఉన్నా నేను దాన్నే ఇక్కడ నిలబడి చదువుతాను.

ఇక ఈ ఉత్తరం. మొన్న వచ్చింది, ప్రకాశం జిల్లా నుంచి ఒక ఆడమనిషి రాశారు. భర్త లేరట, సేద్యం తనే చూసుకుంటున్నారు. 'మోటరు వెయ్యగానే ఐదు నిమిషాలు బాగా పోస్తోంది. తర్వాత సన్నబడి ఆగిపోతోంది. కట్టేసి ఓ గంట ఆగి వేస్తే మళ్లీ పోస్తోంది. మోటరు చెడిందా, బోరు ఎండిందా? మోటరు పైకి తీయించాలంటే మనుషుల కూలి పెట్టుకోవాలి. తీయించమంటారా?' అని అడిగారు. జవాబు ఏమై ఉంటుందో నాకొక ఊహ ఉంది. కానీ ఆగస్టు తర్వాత నేను ఊహతో రాయడం లేదు. మూడో వరుసలో చెయ్యెత్తిన అన్నగారూ, లేవండి. మైకు ఆయనకివ్వండి. నిదానంగా చెప్పండి, నేను రాసుకుంటాను.